చెర్రీలేమో బకెట్ల కొద్దీ, ఆయనకేమో షుగర్ బోర్డర్‌లో: ఇన్ని పళ్ళు ఏం చేయాలి?

సియాటిల్ దగ్గర్లో ఉండే ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు, విషయం మాత్రం క్లుప్తంగా చెప్తాను. పోయిన చలికాలంలో వాళ్ళు ఒక పాత ఇల్లు కొన్నారు. పెరట్లో రెండు చెర్రీ చెట్లున్నాయి. ఒకటి ఇంటి కప్పు దాటి పెరిగిన పెద్ద చెట్టు, దాని పళ్ళు ముదురు ఎరుపు, బాగా తీపి. రెండోది చిన్నది, దాని పళ్ళు లేత ఎరుపు, కొరికితే కళ్ళు మూసుకుపోయేంత పులుపు. ఇల్లు కొన్నప్పుడు ఆకు కూడా లేని చెట్లు జులై వచ్చేసరికి విరగకాశాయి. ఫ్రిజ్ నిండిపోయింది, వంటింట్లో బకెట్లు, గరాజ్‌లో అట్టపెట్టెలు.

మార్చిలో వాళ్ళాయనకి రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల షుగర్ సగటు) 6.3 వచ్చింది. డాక్టర్ షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర రాసి, తిండి మార్చమన్నారు. అప్పట్నుంచి ఇంట్లో లో కార్బ్ వంట, అంటే ఒంట్లో షుగర్ పెంచే పిండి, చక్కెర పదార్థాలు (కార్బ్స్) తగ్గించిన వంట. అన్నం ఒక్క పూటే, అదీ కప్పులోపు, మిగతాదంతా కూరలు, గుడ్లు, చికెన్, పెరుగు. రోజుకి 100 గ్రాముల కార్బ్స్ దాటకూడదని లెక్క పెట్టుకున్నారు, ఆయన బరువు కూడా తగ్గుతున్నారు. ఇంతలో తెనాలి నుంచి అత్తగారు వచ్చారు. ఆవిడ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి అందినన్ని కోసుకొచ్చి జామ్ చేస్తున్నారు, కిలో పళ్ళకి కిలో పంచదార. మిగిలినవి కడిగి గిన్నెలో పోసి కొడుక్కి ఇస్తున్నారు. "పళ్ళే కదమ్మా, పళ్ళక్కూడా లెక్కలేంటి" అంటున్నారట. ఆయన రాత్రిళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ గిన్నె ఖాళీ చేస్తున్నారు. ఒకరోజు పరగడుపున చూస్తే షుగర్ 118. ఈవిడకి టెన్షన్ మొదలైంది. మెత్తబడ్డ పళ్ళు చెత్తబుట్టలో వేస్తే అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగా తినడం బాగోదని ఈవిడ తనూ చెర్రీలు ముట్టుకోవడం మానేశారు. చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు: ఇన్ని పళ్ళు ఏం చేయాలి, ఆయన ఎన్ని తినొచ్చు, వచ్చే ఏడాదికి ఆ పెద్ద చెట్టు కొట్టించేస్తే ఈ గొడవ వదులుతుందా?

ముందు ఆ 118 సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరం అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, అంటే షుగర్ జబ్బుకి ముందు మెట్టు. ఆయన హెచ్‌బీఏ1సీ 6.3 అంటే అది కూడా ఆ కోవలోదే, 5.7 నుంచి 6.4 దాకా అదే గీత. అంటే 118 కొత్తగా వచ్చిపడ్డ ఆపదేం కాదు, మీకు మార్చిలో తెలిసిన సంగతే మీటర్ మళ్ళీ చెప్పింది. పరగడుపు షుగర్ నిద్ర సరిగ్గా పట్టకపోయినా, రాత్రి ఆలస్యంగా తిన్నా, జలుబు చేసినా మారుతుంది. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది, కాబట్టి ఒక వారం చెర్రీలతో ఇన్నాళ్ళ కష్టం కొట్టుకుపోదు. అలాగని ఆ రాత్రి గిన్నె సరే అనడం లేదు. అది ఆగాలి. కానీ భయంతో కాకుండా లెక్కతో ఆగాలి.

లెక్క ఇదీ. తీపి చెర్రీలు గింజ తీసినవి 100 గ్రాములు తూస్తే 16 గ్రాముల కార్బ్స్, అందులో పీచు 2 గ్రాములు, అంటే ఒంటికి పట్టేది 14. పన్నెండు మామూలు సైజు కాయలు ఇంచుమించు 100 గ్రాములు తూగుతాయి. పుల్ల చెర్రీల్లో 100 గ్రాములకి 12 గ్రాముల కార్బ్స్, మరీ పెద్ద తేడా లేదు, కానీ వాటిని ఎవరూ గుప్పిళ్ళతో తినరు, దాని గురించి తర్వాత చెప్తాను. రోజుకి 100 గ్రాముల కార్బ్స్ పెట్టుకున్న మనిషికి పన్నెండు చెర్రీలు అసలు సమస్యే కాదు. సమస్య గిన్నెది. పెద్ద గిన్నెలో 400 గ్రాములు తేలిగ్గా పడతాయి, పీచు తీసేసినా అది 55 గ్రాముల కార్బ్స్, ఒక కప్పు అన్నంలో ఉండే 45 కంటే ఎక్కువ. మధ్యాహ్నం కప్పు అన్నం కొలిచి పెడుతున్నారు కదా, రాత్రి దానికి మించింది పని చేసుకుంటూ, ఎన్ని తిన్నారో తెలియకుండా లోపలికి పోతోంది. మీ అత్తగారికి కూడా ఈ మాట ఇలాగే చెప్పండి, గ్రాములు అక్కర్లేదు, "ఆ గిన్నె అంటే రాత్రి ఇంకోసారి అన్నం తిన్నట్టే అత్తయ్యా" అంటే చాలు.

పండులో చక్కెర సహజమైనదే కదా అనే మాట చాలామంది అంటారు, అందులో కొంత నిజం ఉంది. కాయ కాయగా నమిలి తింటే పీచు, నీళ్ళు ఉంటాయి కాబట్టి కడుపు నిండుతుంది, నెమ్మదిగా అరుగుతుంది. కానీ రూపం మారిన కొద్దీ ఆ మేలు తగ్గిపోతుంది. మీ అత్తగారి జామ్ ఒక పెద్ద చెంచాడులో 13 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి, అంటే పది పన్నెండు చెర్రీలు తిన్న లెక్క, కానీ ఒక చెంచా జామ్‌తో ఎవరి కడుపూ నిండదు. ఎండబెట్టినా అంతే, నీళ్ళు పోతాయి, చక్కెర అలాగే ఉంటుంది, పది తిన్నచోట నలభై తినేస్తాం. జ్యూస్ మరీనూ. పుల్ల చెర్రీ జ్యూస్ నిద్రకి మంచిదనీ కీళ్ళ నొప్పులకి మంచిదనీ అమ్ముతుంటారు, పంచదార కలపకపోయినా గ్లాసులో 30 గ్రాములకి పైనే కార్బ్స్ ఉంటాయి. జామ్, జ్యూస్, ఎండు చెర్రీలు, ఈ మూడూ ఆయన వరకు పక్కన పెట్టేయండి. తాజా కాయలు, ఫ్రీజర్‌లో పెట్టిన కాయలు ఉంచండి.

ఎన్ని తినొచ్చో నేను చెప్పే కంటే ఆయన మీటరే బాగా చెప్తుంది. ఒకరోజు సాయంత్రం ఖాళీ కడుపుతో పన్నెండు చెర్రీలు తిని గంటకీ రెండు గంటలకీ చూసుకోమనండి. ఇంకోరోజు అవే పన్నెండు మధ్యాహ్నం భోజనం అయ్యాక, పెరుగుతో కలిపి తిని మళ్ళీ అలాగే. చాలామందికి రెండో పద్ధతిలో షుగర్ నిదానంగా పెరుగుతుంది. ఆయన ఒంటికి ఏది పడుతుందో రెండ్రోజుల్లో తేలిపోతుంది, ఇక మీ మాట, ఆవిడ మాట అనే గొడవ ఉండదు. ఒక్క జాగ్రత్త. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే కార్బ్స్ తగ్గించినందుకు షుగర్ మరీ పడిపోయే భయం తక్కువ. తర్వాతెప్పుడైనా షుగర్ మరీ పడిపోయేలా చేయగల గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ ఇన్సులిన్ గానీ ఇస్తే మాత్రం, ఈ తిండి సంగతి డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కరోజు కూడా నడపొద్దు.

ఇక పళ్ళ సంగతి. చెట్టు రెండు వారాల్లో అన్నీ ఇచ్చేస్తుంది, ఒంటికేమో రోజుకి గుప్పెడే కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది ఫ్రీజర్. చెర్రీలు కోశాక ఇంకా పండవు, మామిడికాయల్లా గడ్డిలో వేసి మాగబెట్టే రకం కాదు, కాబట్టి పూర్తిగా పండినవే కోయండి, తొడిమతో కోయండి, కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, కడిగితే త్వరగా బూజు పడుతుంది. ఫ్రీజర్‌లోకి వెళ్ళేవి మాత్రం అప్పుడే కడిగి తుడిచి గింజ తీయాలి. గింజ తీయడానికి పరికరం కొనక్కర్లేదు. మూతి సన్నగా ఉండే గాజు సీసా ఒకటి, చాప్‌స్టిక్ ఒకటి తీసుకోండి. కాయ తొడిమ తీసి సీసా మూతి మీద నిలబెట్టి, తొడిమ ఊడిన గుంటలో చాప్‌స్టిక్ పెట్టి ఒక్క నొక్కు నొక్కితే గింజ సీసాలో పడుతుంది, కాయ చేతిలో ఉంటుంది. రసం మాత్రం చిమ్ముతుంది, ఎర్రటి మరక ఓ పట్టాన పోదు, పాత నైటీ వేసుకుని పెరట్లో కూర్చుని చేయండి. ఆ గింజల్ని మిక్సీలో పడనివ్వకండి. నలిగిన గింజలోంచి సైనైడ్ పుట్టే పదార్థం వస్తుంది. పొరపాటున ఒకటి మింగితే ఏం కాదు కానీ నూరడం, దంచడం వద్దు.

గింజ తీసిన కాయల్ని ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక 100 గ్రాముల చొప్పున తూచి చిన్న జిప్ కవర్లలో పెట్టండి. పెద్ద కవర్లో అన్నీ కలిపి పోయొద్దు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పెద్ద కవరు తెరిస్తే మళ్ళీ గిన్నె నిండుతుంది, చిన్న కవరు తెరిస్తే అది ఒక పూట. పంచదార ఏమీ కలపనక్కర్లేదు. గింజ తీసిన పది కిలోలు ఇలా పెడితే వంద కవర్లు, వారానికి రెండు తీసినా వచ్చే చెర్రీల కాలం దాకా వస్తాయి. డిసెంబర్ వానల్లో చిక్కటి పెరుగులో నాలుగు బాదం పలుకులు, ఈ చెర్రీలు వేసుకుని తింటుంటే ఆయనకి తన నోరు కట్టేశారని అనిపించదు. లో కార్బ్ నాలుగు నెలలు చేసి మానేసేవాళ్ళలో చాలామంది అలా అనిపించే మానేస్తారు, అందుకే చెర్రీలు పూర్తిగా ఆపేయమని నేను చెప్పను.

పుల్ల చెర్రీలు చూసి మీరు "వీటిని ఎవరు తింటారు" అని రాశారు. అయ్యో, మీ రెండు చెట్లలో మన వంటకి పనికొచ్చేది అదే. వాక్కాయలు గుర్తున్నాయా? వాక్కాయ పప్పు, వాక్కాయ పచ్చడి, వాక్కాయ పులిహోర. పుల్ల చెర్రీని పండు అనుకోకండి, పులుపు అనుకోండి. ఇరాన్‌లో వీటిని అన్నంలో కలిపి వండుతారు, సిరియాలోని అలెప్పోలో మాంసం ఉండల్ని ఈ పుల్ల చెర్రీల పులుసులో ఉడికిస్తారు. మీరుండే చోట ఈ రోజుల్లో సాల్మన్ తాజాగా దొరుకుతుంది, చేపల పులుసులో చింతపండు బదులు గింజ తీసిన పుల్ల చెర్రీలు గుప్పెడు చిదిమి వేయండి. చికెన్‌లో గోంగూర వేసినట్టు చివర్లో వేసి మగ్గనివ్వండి. కూరలో మనిషి వాటాకి వచ్చేది ఐదారు కాయలే, 5 గ్రాముల కార్బ్స్. పప్పులో వేస్తే పప్పు కార్బ్స్ కూడా లెక్కలోకొస్తాయి, ఆ ఒక్కటి చూసుకోండి.

పచ్చడి కూడా పెట్టొచ్చు, ఇది మీ అత్తగారికి అప్పగించాల్సిన పని. గింజ తీసిన కాయల్లో ఉప్పు, పసుపు కలిపి ఒక రాత్రి ఉంచితే బోలెడు ఊట వస్తుంది. ఊట వార్చి పక్కన పెట్టి, ముక్కల్ని నువ్వుల నూనెలో తడి ఇగిరి నూనె పైకి తేలేదాకా మగ్గించి, చల్లారాక కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి, వెల్లుల్లి ఇంగువ తాలింపు పెట్టాలి. బెల్లం వేయొద్దు. చెర్రీలో నీరు ఎక్కువ, మామిడికాయ ఊరగాయలా జాడీలో బయట ఉంచే నమ్మకం లేదు, ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఆ మిగిలిన ఊట ఉప్పగా పుల్లగా ఉంటుంది, పారబోయకండి, రసంలోకి బాగుంటుంది.

ఇప్పుడు జామ్. మీరు అత్తగారిని జామ్ మానేయమన్నారు, ఆవిడ మానలేదు. నాకు మీ ఉత్తరం చదువుతుంటే ఆవిడే ఎక్కువ కనిపించారు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, కారు లేనిదే గడప దాటలేని చోటికొచ్చారు, పక్కింటివాళ్ళ భాష రాదు, మీరిద్దరూ పనిలో ఉంటారు. ఆ ఇంట్లో ఆవిడకి తెలిసిన పని ఒక్కటే దొరికింది, కాసిన కాయని కోసి నిల్వ చేయడం. తెనాలిలో ఏటా చేసిన పనే. అది ఆపమంటే, ఇక్కడ మీ అవసరం లేదన్నట్టు వినిపిస్తుంది, మీరు ఆ అర్థంతో అనకపోయినా సరే. అందుకని ఆపమనకుండా దారి మళ్ళించొచ్చు. ఒక దారి, ఆవిడ పంచదార జామ్ చేసుకోనివ్వండి, కానీ అది ఇంట్లో తినడానికి కాదు, పంచడానికి. సీసాలకి పేర్లు రాసి ఎవరింటికి ఏది వెళ్ళాలో ఆవిడనే తేల్చమనండి. దీంతో ఆవిడ సంతోషపడతారు, చిక్కల్లా సీసాలు ఇల్లు దాటేదాకా ఆయన చెంచా పెట్టకుండా ఉండగలరా అన్నదే. ఉండలేరనిపిస్తే రెండో దారి, పంచదార లేని జామ్. రెండు కప్పుల గింజ తీసిన చెర్రీలు పది నిమిషాలు ఉడికించి మెదిపి, రెండు పెద్ద చెంచాల చియా గింజలు, కాస్త నిమ్మరసం కలిపితే చల్లారేసరికి చిక్కబడుతుంది. పెద్ద చెంచాడుకి 3 గ్రాముల లోపే కార్బ్స్. అయితే ఇందులో నిల్వ ఉంచే చక్కెర లేదు కాబట్టి ఫ్రిజ్‌లో వారమే ఉంటుంది, మిగతాది ఫ్రీజర్‌కి. రుచి కూడా మామూలు జామ్‌లా ఉండదు, ఆవిడ "ఇదేం జామ్" అనొచ్చు, అననివ్వండి.

కానీ ఇవన్నీ ఆవిడతో మీరు ఎందుకు మాట్లాడుతున్నారు? ఇది నేను గట్టిగానే అడుగుతున్నాను. షుగర్ ఆయనది, తల్లి ఆయన తల్లి. మీరు కొలిచి పెడితే కోడలు కడుపు మాడుస్తోందని ఆవిడకి అనిపిస్తుంది, ఆయన గిన్నె ఖాళీ చేస్తుంటే తన మాటే నిజమని అనిపిస్తుంది. మధ్యలో ఆయన ఇద్దరి దగ్గరా మంచిగా ఉంటూ చెర్రీలు తింటున్నారు. ఆయనే కూర్చుని, డాక్టర్ ఇచ్చిన రిపోర్ట్ చూపించి, "అమ్మా, నాకు షుగర్ వచ్చేలా ఉంది, ఇన్నే పెట్టు" అని చెప్తే, కొడుకు నోటి నుంచి విన్న తల్లి ఆ గిన్నె తనే తీసేస్తుంది. ఆయన చెప్పనంటే అప్పుడు అది మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవాల్సిన విషయం, చెర్రీలది కాదు, అత్తగారిది అంతకన్నా కాదు. ఇంకోటి, మీరు తినడం మానేశారన్నారు. మీకు షుగర్ లేదు. ఆయన కోసం మీరు నోరు కట్టుకుంటే ఆయన షుగర్ తగ్గదు, మీకు కోపం పెరుగుతుంది. తినండి, ఆయన ఎదురుగానే తినండి.

చెత్తబుట్ట గొడవకి కూడా ఒక సమాధానం ఉంది. మీ ప్రాంతంలో చెర్రీ ఈగ అని ఉంటుంది, అది కాయలో గుడ్డు పెడితే తెల్ల పురుగు లోపల పెరిగి, కాయలోంచి బయటపడి మట్టిలో దూరి చలికాలం గడుపుతుంది, మరుసటి ఏడాది ఈగై చెట్టెక్కుతుంది. అందుకే రాలిన కాయలు, మెత్తబడినవి నేల మీద ఉంచకూడదు, ఇంటి కంపోస్ట్ కుప్పలోనూ వేయకూడదు, సిటీవాళ్ళు తీసుకెళ్ళే చెత్త డబ్బాలోనే వేయాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో పెరటి చెట్టుకైనా సరే పురుగుని అదుపులో పెట్టడం ఇంటివాళ్ళ బాధ్యతని చట్టమే చెప్తోంది. అనుమానమున్న కాయల్ని ఉప్పునీళ్ళలో అరగంట వేసి చూడండి, పురుగుంటే బయటకొస్తుంది. ఆవిడకి ఒకసారి ఆ నీళ్ళు చూపించండి. వచ్చే ఏడాది పంట కోసమే పారేస్తున్నామని తెలిస్తే ఆవిడ బాధ తగ్గుతుంది, బహుశా ఏరి పారేసే పని ఆవిడే తీసుకుంటారు.

అయినా మిగులుతాయి. పెద్ద చెట్టు కదా, ఒక ఇల్లు తినగలిగేవి కావు, తినాలన్న రూలూ లేదు. ఫుడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి పెరటి పళ్ళు తీసుకుంటారా అని అడగండి, చాలావరకు తీసుకుంటారు. ఇచ్చాక ఎవరికైనా ఏదైనా అయితే మన మీదికొస్తుందేమోనని మనవాళ్ళు జంకుతారు, మంచి మనసుతో ఇచ్చినవాళ్ళని కాపాడే చట్టం అమెరికాలో 1996 నుంచి ఉంది. సియాటిల్‌లో సిటీ ఫ్రూట్ అనే సంస్థ ఇళ్ళ పెరళ్ళలో మిగిలే పళ్ళు కోసి పంచే పనే చేస్తుంది, మీ ఊరిదాకా రాకపోయినా దగ్గర్లో అలాంటివాళ్ళెవరున్నారో అడగొచ్చు. గుడికి ఒక పెట్టె, పాప స్కూల్ స్నేహితుల ఇళ్ళకి ఒక పెట్టె. ఒక్కటి మాత్రం చేయకండి. కాస్కేడ్ కొండలవతల ఉన్న మీ స్నేహితులకి కార్లో పట్టుకెళ్దామనుకుంటున్నామని రాశారు. ఆ వైపంతా తోటలు. పెరటి పళ్ళతో పురుగు చేరుతుందని, ఇళ్ళలో పండినవి పురుగున్న ప్రాంతం (క్వారంటైన్ ప్రాంతం, మీ వైపు) దాటించొద్దని హైవే పక్కన బోర్డులు పెట్టారు. వాళ్ళకి తీసుకెళ్ళాలనుంటే జామ్ తీసుకెళ్ళండి, ఉడికినదానికి ఇబ్బంది లేదు.

చెట్టు కొట్టించాలా అన్నారు. కొట్టిస్తే కాయలు ఉండవు నిజమే, నీడ కూడా ఉండదు, ఖర్చు బాగానే అవుతుంది, కొన్ని ఊళ్ళలో పెద్ద చెట్టుకి సిటీ అనుమతి కూడా కావాలి. మీ అత్తగారు ఎలా తీసుకుంటారో మీకే బాగా తెలుసు. నా ఉద్దేశంలో ఈ ఏడాది ఆ నిర్ణయం వద్దు, మొదటి పంట చూసి బెదిరిపోయి తీసుకునే నిర్ణయం అది. దానికి బదులు కొమ్మలు తగ్గించుకోవచ్చు. కాయలన్నీ అయిపోయాక ఆగస్టులో, వరసగా నాలుగు రోజులు వాన లేని సమయం చూసి చేయించండి. మీ దగ్గర చలికాలం తడిలో కోస్తే ఆ గాయాల్లోంచి చెట్టుకి తెగులు పడుతుంది. ఒకేసారి సగం చెట్టు నరికేయకుండా రెండు మూడేళ్ళలో కొంచెం కొంచెంగా దించితే, నేల మీద నిలబడి కోసుకునే ఎత్తుకి వస్తుంది, కాపూ తగ్గుతుంది. ఈలోపు పై కొమ్మలకి నిచ్చెన వేయకండి, ఆవిడని అసలు ఎక్కనివ్వకండి, పైవి పిట్టలు తింటాయి. ఆ పుల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దు, ఒక ఏడాది పచ్చడి తిన్నాక మీరే వద్దంటారు.